పక్క సీట్లో పెట్టె పెట్టకండి

ఇల్లు మారుతున్న పాఠకుల ఉత్తరాలకి జవాబులు. రాసేది గాజువాక ఆటోనగర్‌లో చాలాకాలం లారీ బుకింగ్ ఆఫీసు నడిపి, ఇప్పుడు పెందుర్తిలో విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన.

ప్రశ్న: నమస్కారమండీ. మాది మర్రిపాలెం. పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. ఇంటి నుంచే పని చేసుకోవడానికి ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి అన్నీ సర్దుకుని విశాఖ వచ్చేస్తున్నాను. నాకు ఎంహెచ్ 12 నంబరుతో చిన్న పెట్రోలు కారు ఉంది. నా రూమ్మేట్ మరాఠీ అమ్మాయి, డ్రైవింగ్ బాగా చేస్తుంది. ఇద్దరం కార్లోనే వెళదాం, నిన్ను ఇంట్లో దింపి నేను రైల్లో వచ్చేస్తాను అంటోంది. మా మావయ్య మాత్రం "ఇద్దరాడపిల్లలు అంత దూరం ఏంటి, కారుని ట్రక్కులో వేసేసి రైలెక్కు" అని రోజూ ఫోన్. రెండు రోజుల్లో రాగలమా? కార్లో సామాను ఎంతవరకు పెట్టొచ్చు? తను నడిపితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? నంబరు మార్చుకోవాలా? ఖర్చు చెరిసగం అంటోంది, అది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, పుణె

జవాబు: అమ్మా, ముందు మీ మావయ్యగారి సంగతి. ఆయన భయాన్ని కొట్టిపారేయకండి, కాకపోతే దాన్ని కాస్త పక్కకి జరపాలి. ఆడపిల్లలని కాదు, ఇల్లు ఖాళీ చేసిన ఒళ్లునొప్పులతో స్టీరింగ్ పట్టుకునేవాళ్లు ఎవరైనా సరే నాకూ భయమే. రోజంతా అట్టపెట్టెలు కట్టి, అడ్వాన్సు వెనక్కివ్వమని ఓనరుతో వాదించి, అర్ధరాత్రి దాటాక నడుం వాల్చి, తెల్లారకుండా కారు తీస్తారు. దాంతో షోలాపూర్ దాటకముందే కళ్లు మూతలు పడతాయి. సామాను లారీకెక్కించిన మర్నాడు బయల్దేరకండి. ఒక రోజు ఖాళీగా ఉండి, కడుపునిండా తిని పడుకుని, ఆ తర్వాతి రోజు రండి.

రెండు రోజులు చాలవు, మూడు పెట్టుకోండి. పుణె నుంచి హైదరాబాద్ సుమారు 560 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి విజయవాడ 275, విజయవాడ నుంచి మన ఊరు 350. అంతా కలిపి 1,200 దాకా. లారీ తోలడమే బతుకైన డ్రైవర్లకే రోజుకి 8 గంటలు మించకూడదని, 5 గంటలకోసారి అరగంట విశ్రాంతి ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. ఆ చట్టాన్ని పాటించిన లారీలు నేను ఎన్ని చూశానని అడక్కండి. మీకు మాత్రం తొందరపెట్టే సేటు ఎవరూ లేరు కదా, పాటించండి.

ఇప్పుడు సామాను. అమ్మగారింట్లో ఫ్రిజ్ ఉంటుంది, వాషింగ్ మెషీన్ ఉంటుంది, మిక్సీ, గ్రైండరు ఉంటాయి. మీ ఫ్రిజ్ ఇంత దూరం మోసుకొచ్చి ఏ గదిలో పెడతారు? ఇల్లు మారేవాళ్లు చేసే దుబారాలో పెద్దది, అమ్మితే నాలుగు వేలు రాని వస్తువుకి ఆరు వేలు కిరాయి కట్టడం. అవన్నీ పుణెలోనే అమ్మేయండి, లేదా మీ స్నేహితురాలికే వదిలేయండి. పాత ఇనప మంచాలు, సన్న రేకు బీరువాలు అసలు తేకండి. మన ఊరి ఉప్పు గాలికి అవి ఎంతో కాలం ఆగవు.

తప్పదనుకున్నవి పార్ట్ లోడ్‌లో వేయండి. అంటే మీ పెట్టెలతో పాటు ఇంకొందరి సామాను కూడా అదే బండిలో వస్తుంది, మధ్యలో ఏదో గోడౌన్‌లో దించి మరో బండికి ఎక్కిస్తారు. అందుకే రెండు రోజుల్లో ఇంటి ముందు దించుతాం అనే మాట నమ్మకండి. ప్రతి పెట్టెకీ పైన ఒక్కచోటే కాక పక్కల మీద కూడా నంబరు, ఊరి పేరు రాయండి. దొంతర పేర్చాక పైన రాసింది ఎవడికీ కనపడదు. బిల్టీ, అంటే సామాను తీసుకున్నట్టు లారీ ఆఫీసు రాసిచ్చే రసీదు, మీ చేతికొచ్చేదాకా బండి కదలనివ్వకండి. పెట్టెలెన్ని, ఎక్కడ దించాలి, ఎంతకి ఒప్పుకున్నారు, ఈ మూడూ అందులో ఉండాలి. వాడిన ఇంటి సామానుకి జీఎస్టీ ఈ-వే బిల్లు, అంటే సరుకు తరలించడానికి ఆన్‌లైన్‌లో తీసే కాగితం, అక్కర్లేదు. ఆ పేరు చెప్పి డబ్బడిగితే పైసా ఇవ్వకండి. సామాను జాబితా, ఇది నేను వాడుకున్న సొంత సామానేనని సంతకం పెట్టిన కాగితం బండిలో ఉంటే చాలు. సగం దారిలో ఫోన్ చేసి, ఇంకో పదివేలు వేస్తేనే దించుతాం అనే రకాలు మా వ్యాపారంలో ఉన్నారు. ఎక్కువ భాగం డబ్బు సామాను దించాకే ఇస్తానని ముందే రాయించుకోండి. అలా రాయనన్నవాడికి సామాను అప్పగించకండి.

గ్యాస్ సిలిండరు లారీలోనూ వద్దు, కార్లోనూ వద్దు. అక్కడి ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగిస్తే వోచరు రాసి డిపాజిట్ వెనక్కిస్తారు. స్టవ్ మీదే.

ఇక కారు. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట, కార్లో సామాను ఎంతవరకు పెట్టొచ్చు అన్నది. డిక్కీలో పట్టినంత. వెనక సీట్లో మాత్రం సీటు వీపు కన్నా ఎత్తుకి ఏదీ లేవకూడదు, మధ్య అద్దంలోంచి వెనక రోడ్డు మొత్తం కనపడాలి. ముందు పక్క సీటు అసలు సామానుకి కాదు. చాలామంది ఆ సీటు కింద చెప్పుల సంచి, కాళ్ల దగ్గర కుక్కరు, ఒళ్లో దేవుడి పటం పెట్టి తోడొచ్చిన మనిషిని అందులో ఇరికిస్తారు. మోకాళ్లు ముడుచుకుని నాలుగు గంటలు కూర్చున్న మనిషి తర్వాతి నాలుగు గంటలు ఎలా నడుపుతుంది? ఆ సీటు వెనక్కి వాలాలి, కాళ్లు చాపుకునే చోటుండాలి, మంచినీళ్లు చేతికందాలి. మీ కార్లో అన్నిటికన్నా విలువైనది ఆ అమ్మాయి విశ్రాంతి. దానికి చోటు వదిలాక మిగిలిన చోటులోనే సర్దండి. సర్టిఫికెట్లు, బంగారం, ల్యాప్‌టాప్, మందులు, మూడు రోజుల బట్టలు. ఇంతే. పూలకుండీలు తెస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. సడెన్ బ్రేకు వేశాక ఆ మట్టి ఎక్కడెక్కడికి పోతుందో మీకు తెలీదు.

డ్రైవరు వైపు తలుపు తెరిస్తే, పక్కన ఇనప పట్టీ మీద ఒక స్టిక్కరు ఉంటుంది. టైర్లలో గాలి ఎంతుండాలో అందులో రెండు రకాలుగా రాసి ఉంటుంది, ఒకటి మామూలుగా తిరిగేటప్పుడు, ఒకటి నిండు బరువుతో. మీకు కావలసింది రెండోది. బయల్దేరే రోజు పొద్దున, టైర్లు చల్లగా ఉండగానే కొట్టించండి. స్టెప్నీకి కూడా. డిక్కీ నిండా సర్దేశాక స్టెప్నీ అడుగున ఉండిపోతుంది. కాబట్టి జాకీ, పానా మాత్రం ముందే తీసి చేతికందేలా పెట్టుకోండి.

దారి తేలికే. పుణె నుంచి విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కణ్ణుంచి ఇంటి దాకా 16. మీరు తూర్పుకి వస్తున్నారు కాబట్టి పొద్దున బయల్దేరిన దగ్గర్నుంచి ఎనిమిదిన్నర దాకా ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. ముందద్దాన్ని బయటే కాదు, లోపలి వైపు కూడా తుడుచుకోండి. లోపలి మసక ఎదురెండలోనే బయటపడుతుంది. చలికాలం వస్తుంటే ఇందాపూర్, షోలాపూర్ చుట్టుపక్కల చెరకు ట్రాక్టర్లు ఉంటాయి. ఒక ట్రాక్టరుకి రెండు ట్రాలీలు, వెనక లైటు ఉండదు, చీకట్లో గుద్దేదాకా కనపడవు. అందుకే చీకటితో బయల్దేరొద్దు. ఉదయాన్నే భిగ్వాన్ దగ్గర ఆగితే ఉజని జలాశయంలో చలికాలం ఫ్లెమింగోలు కనిపిస్తాయట, మా డ్రైవర్లు "ఎర్రకాళ్ల కొంగలు" అనేవారు. మధ్యాహ్నానికి నల్‌దుర్గ్ కోట పక్కనుంచే పోతారు. అక్కడ ఆగాలా వద్దా అన్నది మీ స్నేహితురాలినే తేల్చనివ్వండి.

మా లారీవాళ్లు పుస్తకంలో రాయని ఒక సంగతి చెబుతాను. మహారాష్ట్ర దాటాక తెలంగాణకి ముందు కర్ణాటక ముక్క ఒకటి వస్తుంది, హుమ్నాబాద్ మీదుగా. పెట్రోలు, డీజిల్ మీద పన్ను తెలంగాణలో, ఆంధ్రలో ఎక్కువ, కర్ణాటకలో వాటికన్నా తక్కువ. జహీరాబాద్ రాకముందే ట్యాంకు నింపేసుకోండి. సరిహద్దు ముందు బంకుల్లో లారీలు వరసకట్టి ఉండేది అందుకే.

సాయంత్రానికి పటాన్‌చెరు చేరతారు. ఊళ్లోకి దిగకుండా ఔటర్ రింగు రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగండి, రాత్రికి హయత్‌నగర్ వైపే గది తీసుకోండి. చుట్టాలున్నారని కూకట్‌పల్లిలో దిగితే మర్నాడు పొద్దున ఊరు దాటడానికే మీ ఓపికంతా అయిపోతుంది. చుట్టాల్ని ఇంకోసారి చూడొచ్చు.

రెండో రోజు సూర్యాపేటలో టిఫిను, విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవరు మీదుగా దాటేయడం, రాత్రికి రాజమండ్రి. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దారి రెండుగా చీలుతుంది. దేవరపల్లి, కొవ్వూరు మీదుగా వెళ్తే దగ్గర. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా వెళ్తే కాస్త చుట్టు, కానీ గోదావరి పాయలు రెండూ దాటుతారు, రోడ్డు పక్కనే ఆత్రేయపురం పూతరేకులు దొరుకుతాయి. మీతో ఉన్నది అతిథి, మీకూ తొందర లేదు. చుట్టుదారినే రండి. సాయంత్రం పుష్కర ఘాట్ దగ్గర అరగంట కూర్చోబెట్టండి. పుణెలో మూఠా నదిని చూసిన పిల్ల గోదావరిని చూసి ఏమంటుందో నాకు ఉత్తరం రాయండి.

మూడో రోజు మిగిలింది 200 కిలోమీటర్లే. అన్నవరంలో కొండెక్కే తీరిక లేకపోయినా, కింద హైవే పక్కన దేవస్థానం వాళ్ల కౌంటరులో ప్రసాదం దొరుకుతుంది. విస్తరాకు పొట్లం విప్పగానే నెయ్యి వేళ్లకంటుకుంటుంది, ఆ చేత్తో స్టీరింగ్ పట్టుకోకండి. పెద్ద పొట్లమే కొనండి, అమ్మగారు అడుగుతారు. అనకాపల్లి దాటాక మ్యాపు మిమ్మల్ని సబ్బవరం బైపాసు ఎక్కించబోతుంది. అది ఆనందపురం వైపు పోయేది, మధురవాడ వాళ్లకి మంచిది. మీరు మర్రిపాలెం కాబట్టి లంకెలపాలెం, గాజువాక, ఎన్‌ఏడీ మీదుగా నేరుగా రండి. స్టీల్‌ప్లాంటు షిఫ్టు మారే వేళ మాత్రం కూర్మన్నపాలెంలో ఇరుక్కోకండి. ఇల్లు దగ్గరపడేకొద్దీ యాక్సిలరేటరు మీద కాలు తెలియకుండానే బరువెక్కుతుంది. తుని దాటాక స్టీరింగ్ మీ స్నేహితురాలికివ్వండి. ఆ అమ్మాయికి అది పరాయి ఊరు కాబట్టి ఒళ్లు దగ్గరపెట్టుకుని నడుపుతుంది.

రోజు చీకటిపడే ముందే గది చేరడం, పెద్ద బంకుల్లోనే ఆగడం, ఇవి మీకు తెలిసినవే. లైవ్ లొకేషన్ మావయ్యగారు ఒక్కరికే పెట్టండి, కుటుంబం గ్రూపులో పెట్టకండి. గ్రూపులో పెడితే కారు టీ కోసం ఆగినప్పుడల్లా పదకొండు మంది ఫోన్ చేస్తారు. ఆయనకి ఈ బాధ్యత అప్పగిస్తే కోపమూ తగ్గుతుంది. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి, పక్కనే కిలోమీటరు రాయి మీది అంకె చూసి చెబితే మనిషి త్వరగా వస్తాడు.

ఇన్సూరెన్స్ కారుకి ఉంటుంది, మీ చేతులకి కాదు. చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉన్న స్నేహితురాలు మీ అనుమతితో నడిపితే పాలసీ వర్తిస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. పాలసీతో తప్పనిసరిగా ఇచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికే, అంటే మీకే. ఆ అమ్మాయికి అది రాదు. మీ పాలసీలో తోటి ప్రయాణికులకి విడిగా కవరు ఉందో లేదో చదవండి, అందులో నడిపే మనిషి కూడా వస్తుందా అని ఏజెంటును అడగండి, లేకపోతే బయల్దేరే ముందే చేర్పించండి. చిన్న మొత్తమే. మనకోసం సెలవు పెట్టుకుని వస్తున్న పిల్లకి ఆ మాత్రం చేయకపోతే ఎలా?

నంబరు సంగతి. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలన్నది మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షను. వచ్చాక తీరిగ్గా చూద్దాం అనుకుంటే మళ్లీ పుణె తిరగాల్సొస్తుంది. అక్కడి ఆర్టీవోలో ఫారం 28తో ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తీసుకునే బయల్దేరండి. కారు మీద లోను ఉంటే బ్యాంకు ఒప్పుకోలు కూడా కావాలి. ఇక్కడ మాధవధార ఆఫీసులో ఫారం 27 వేసి, బండి వయసును బట్టి లైఫ్ టాక్సు కడితే ఏపీ నంబరు వస్తుంది. ఆ రసీదు పెట్టి, మహారాష్ట్రలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు. ఓపిక పట్టండి గాని వదిలేయకండి, అది మీ డబ్బు. మీ కంపెనీకి నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో ఆఫీసులుంటే 2021లో వచ్చిన బీహెచ్ (భారత్) సిరీస్ నంబరు కూడా ఆలోచించండి, రేపు మళ్లీ బదిలీ అయినా నంబరు మారదు. నంబరు మారిందంటే ఇన్సూరెన్స్‌లో, ఫాస్టాగ్‌లో కూడా మార్పించాలి. ఇది మర్చిపోయి టోల్‌గేటు దగ్గర తగువు పెట్టుకునేవాళ్లు చాలామంది. ఫాస్టాగ్ అన్నాను కాబట్టి, 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఏడాది టోలు పాసు ఈ ఒక్క ప్రయాణం కోసం కొనక్కర్లేదు. పైగా అది హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద చెల్లదు.

ఖర్చు చెరిసగమా? కానే కాదు. ఇల్లు మారుతున్నది మీరు, కారు మీది. పెట్రోలు, టోలు, గదులు, ఆమె తిరుగు టిక్కెట్టు అన్నీ మీవే. భోజనం బిల్లు ఒకటి రెండుసార్లు ఆమె ఇస్తానంటే ఇవ్వనివ్వండి, లేకపోతే చిన్నబుచ్చుకుంటుంది. టిక్కెట్టు మాత్రం ఇప్పుడే కొనండి, రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుస్తారు. భువనేశ్వర్ నుంచి ముంబై వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ విశాఖలో ఎక్కితే, మీరు కార్లో దాటిన రాజమండ్రి, విజయవాడ, షోలాపూర్ మీదుగానే పుణెలో దింపుతుంది. వచ్చిన మర్నాడే పంపేయకండి. వాళ్ల వైపు సముద్రంలో సూర్యుడు మునుగుతాడు, మన దగ్గర లేస్తాడు. ఒక పొద్దున ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి చూపించండి.

ప్రశ్న: నా చిన్ననాటి మిత్రుడు రాయపూర్ నుంచి విశాఖకి మారుతున్నాడు. భార్యాపిల్లలు ముందే వచ్చేశారు. కారు తేవడానికి తోడు రమ్మంటున్నాడు. రాత్రి తొమ్మిదింటికి బయల్దేరి తెల్లారేసరికి దిగిపోదాం అంటాడు. నాకు డ్రైవింగ్ వచ్చుగానీ ఘాట్ రోడ్డు అలవాటు లేదు. నేను వెళ్లి చేసేదేముంది?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: బాబూ, మీరు చేసే మొదటి పని ఆ రాత్రి ప్రయాణం మాన్పించడం. వాడు మాననంటే మీరు వెళ్లకండి. నిష్ఠూరమైనా సరే.

రాయపూర్ నుంచి ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, కొండగావ్ మీదుగా జగదల్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి కోరాపుట్, సుంకి, సాలూరు, విజయనగరం మీదుగా మన ఊరు మరో 300. అంటే మొదట్లో ఒక ఘాటు, చివర్లో ఒక ఘాటు. రాత్రి తొమ్మిదింటికి బయల్దేరితే సాలూరు ఘాటు సరిగ్గా తెల్లవారుజామున తగులుతుంది, మనిషికి నిద్ర ముంచుకొచ్చే వేళ. చలికాలమైతే పొట్టంగి దగ్గర మంచు బానెట్ ముందున్నది కూడా కనపడనివ్వదు. 464 కిలోమీటర్ల కొత్త ఆరు లైన్ల రాయపూర్–విశాఖ రహదారి పేరు విని ఉంటారు, కేశ్‌కాల్ దగ్గర కొండని తొలిచి సొరంగం కూడా వేశారు. అది ఈ చివర నుంచి ఆ చివర దాకా తెరిచారని తేలేవరకు పాత దారినే లెక్కలో పెట్టుకోండి.

వందే భారత్‌లో మధ్యాహ్నం విశాఖలో ఎక్కితే రాత్రికి రాయపూర్‌లో ఉంటారు. ఆ రాత్రి వాడింట్లో నేల మీదైనా పడుకోండి. పొద్దున బయల్దేరి జగదల్‌పూర్‌లో ఆగండి. వెలుగుంటే చిత్రకోట జలపాతం చూసి రండి, ఊరికి 40 కిలోమీటర్ల లోపే. మర్నాడు టిఫిను తిని బయల్దేరితే ఘాటు పట్టపగలు దిగుతారు.

ఘాటులో మీరు నడపకండి, అలవాటున్నవాడే నడపాలి. కానీ మీకు పని ఉంటుంది. ఫోన్, మ్యాపు రెండూ మీ చేతిలో ఉండాలి, వాడి చేతిలో కాదు. దిగేటప్పుడు వాడు బ్రేకు మీదే కాలేసి ఉంచుతున్నాడా అని గమనించండి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు, లారీవాళ్లకి ఇది పలకా బలపం నాడు నేర్పే పాఠం. చక్రాల దగ్గర మాడువాసన వస్తే వెంటనే వెడల్పు చోటు చూసి ఆపించి, అరగంట చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి. ఇరుకు చోట ఎక్కే బండికే దారి వదలాలి, రూలు కూడా అదే. మీరు దిగుతున్నారు కాబట్టి మీరే ఆగండి. వాడు రెండోసారి ఆవలించాడంటే మాటల్లో పెట్టి నెట్టుకురావద్దు, ఆపించి పడుకోబెట్టండి. ముందు సీట్లో కూర్చుని మీరు గురకపెట్టకండి, దానికైతే మీరు అంత దూరం వెళ్లనక్కర్లేదు.

ఇంకో మాట. ఇల్లు మారేవాడి మనసు బాగుండదు. ఉద్యోగం పోయిందో, బదిలీయో, పిల్లల చదువో మీరు రాయలేదు. కాంకేర్ దాటేదాకా వాడు మాట్లాడకపోతే మీరూ మాట్లాడకండి. తర్వాత వాడే చెబుతాడు.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం మాని విశాఖ వచ్చేస్తున్నాడు. స్నేహితుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని, రెండు బ్యాగులు కట్టుకుని, బైకు మీదే వస్తానంటున్నాడు. వాళ్ల నాన్నగారు సరే అనేశారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, అక్కయ్యపాలెం

జవాబు: అమ్మా, వెయ్యి కిలోమీటర్లు బైకు మీద తిరిగే కుర్రాళ్లున్నారు, అది వాళ్ల సరదా. సరదాకి తిరగడం వేరు, రెండు బ్యాగులు, ఒక మనిషిని ఎక్కించుకుని ఇల్లు మార్చడం వేరు. ఇద్దరి బరువుకి తోడు వెనక బ్యాగులు వేలాడితే ముందు చక్రం తేలికైపోతుంది, హైవే మీద బస్సు పక్కనుంచి పోయినప్పుడు ఆ గాలికే బండి ఊగుతుంది. వాళ్ల నాన్నగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

బైకు రైల్లో వేయమనండి. అబ్బాయి అదే రైల్లో వస్తుంటే టిక్కెట్టు చూపించి లగేజీగా బుక్ చేయొచ్చు, లేదంటే పార్సిల్‌గా. ఆర్సీ, ఇన్సూరెన్స్, గుర్తింపు కార్డు నకళ్లు కావాలి. ట్యాంకులో పెట్రోలు చుక్క మిగలకుండా తీయించాలి. ఇందులో రైల్వేవాళ్లు మొహమాటపడరు. గోనెపట్టా, గడ్డి వేసి కట్టేవాళ్లు స్టేషను బయటే ఉంటారు. హ్యాండిలు, హెడ్‌లైటు, పక్క అద్దాల దగ్గర మందంగా కట్టించమనండి, అద్దాలు విప్పి బ్యాగులో పెట్టుకుంటే ఇంకా మంచిది. పేరు, ఫోన్ నంబరు, విశాఖపట్నం అని అట్టముక్క మీద రాసి ముందొకటి, వెనకొకటి కట్టాలి. కట్టేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోమనండి, గీత పడితే ఎప్పటిదన్న వాదన రాకుండా.

ఆ స్నేహితుణ్ణి కూడా రైల్లోనే తీసుకురమ్మనండి. విశాఖ పార్సిల్ ఆఫీసులో బండి దిగాక తీసుకోవడం ఆలస్యమైతే డెమరేజీ, అంటే ఆలస్య రుసుము, పడుతుంది. అక్కణ్ణుంచి బంకు దాకా బైకు తోసుకుంటూ వెళ్లాలి కాబట్టి ఇద్దరుండటం మంచిదే, లేదంటే వాళ్ల నాన్నగారిని అర లీటరు పెట్రోలుతో స్టేషనుకి పంపండి.